ఇంటిగుట్టు మీటరుకెరుక

సెల్లారు గోడమీద, ఎడమనుంచి మూడో పెట్టెలో కొలువైన మా కరెంటు మీటరు గారికి,

నమస్కారం. రెండో అంతస్తు కుడివైపు ఇంటివాణ్ణి రాస్తున్నాను. మీరు నన్ను బాగా ఎరుగుదురు. నేనే మిమ్మల్ని ఎరగను.

ఇంటిగుట్టు పెరుమాళ్లకెరుక అని మనవాళ్ళంటారు. జర్మనీ వచ్చాక ఆ పెరుమాళ్లు మీరేనని తెలిసింది. మొన్న శనివారం రాత్రి దోసెల పిండి రుబ్బాం. ఇక్కడ పది దాటితే చప్పుడు చేయకూడదు. గ్రైండరు పదీ ఇరవై దాకా తిరిగిన సంగతి మా ఆవిడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాం. కింది ఇంటాయనకు అనుమానం ఉందిగానీ సాక్ష్యం లేదు. సాక్షి మీరు. ఆ క్షణాన ఎన్ని వాట్లు లాగిందో కళ్ళారా చూశారు. మీరు ఆయనకు చెప్పరు, సంతోషం. నాకూ చెప్పరు. అందుకే ఈ ఉత్తరం.

మీకన్నా ముందు అక్కడ ఉన్నాయన నల్లటి డబ్బా. అద్దం వెనక అల్యూమినియం చక్రం, దానిమీద ఎర్రగీత. హీటరు వేస్తే గిరగిరా తిరిగేది, ఊరెళ్తే నత్తనడక. లోపల ఒకటి, బయట ఒకటి లేని మనిషి. బాల్కనీలో 800 వాట్ల సోలారు పలకలు పెట్టుకున్నప్పుడు ఎండకు ఆ చక్రం వెనక్కి కూడా తిరిగింది. మీటరు మార్చేదాకా అలా వెనక్కి తిరిగినా పట్టించుకోవద్దని 2024లో చట్టమే చెప్పింది. నా జీవితంలో ప్రభుత్వం కళ్ళు మూసుకుని నాకు లాభం చేసిన సందర్భం అదొక్కటే. ఎనిమిది వారాల తర్వాత ఒకాయన స్క్రూడ్రైవరుతో వచ్చి ఆయన్ను దింపి, మిమ్మల్ని ప్రతిష్ఠించి వెళ్ళాడు.

మీ తెరమీద ఒకే ఒక అంకె. మొత్తం యూనిట్లు. నిన్న ఎంత కాల్చాం, వారంలో ఎంత, ఈ నిమిషాన ఎంత లాగుతోంది, అన్నీ మీ లోపలే ఉన్నాయట. చూడాలంటే నాలుగంకెల పిన్ కావాలి. మిమ్మల్ని పెట్టిన కంపెనీవాళ్ళని అడిగితే మీటరు ఫోటో పంపమన్నారు, అద్దె కాగితం పంపమన్నారు. పంపాను. మూడు వారాలకు పోస్టులో కవరొచ్చింది.

మీకు బటన్లు లేవని అప్పుడు చూశాను. పిన్ కొట్టాలంటే మీ ముఖాన ఉన్న చిన్న కంటిలోకి టార్చి వెయ్యాలి. ఒక వెలుగు అంటే ఒకటి. తొమ్మిది కావాలంటే తొమ్మిదిసార్లు వెలిగించి ఆర్పాలి. కాసేపు ఆగితే పక్క అంకెకు వెళ్తారు. చెయ్యి వణికి ఒకటెక్కువ పడితే మళ్ళీ మొదటికి. హారతి ఇవ్వడం నాకు కొత్తకాదు మీటరు గారూ, గంట కొట్టకుండా, మంత్రం లేకుండా, సెల్లారులో బూజు వాసన మధ్య ఫోను టార్చితో ఇవ్వడమే కొత్త. సరిగ్గా ఏడో వెలుగు దగ్గర కింది ఇంటాయన సైకిలు కోసం దిగాడు. గోడకేసి టార్చి ఆర్పుతూ వెలిగిస్తున్న నన్ను చూసి, ఏమీ అనకుండా సైకిలు తీసుకెళ్ళిపోయాడు. ఆయన ఏమైనా అని ఉంటే బాగుండేది.

ఊళ్ళో నాన్నకు ఈ కథ చెబితే నమ్మలేదు. అక్కడ నెలకోసారి మీటరు రీడరు వస్తాడు, చేతిమిషన్‌లో కొట్టి, గుమ్మంలోనే బిల్లు చింపి ఇస్తాడు. మంచినీళ్ళు తాగి వెళ్తాడు. ఇక్కడ ఏడాదికోసారి నేనే మీ అంకె చూసి పంపాలి. ఈలోగా నెలనెలా ఒక అంచనా సొమ్ము కట్టాలి. "అంచనాకు డబ్బు కట్టడమేమిట్రా, అది చీటీపాటా?" అన్నారు నాన్న. జవాబు చెప్పలేకపోయాను.

పోనీ మీరంతా ఇంతేనేమో అనుకుందామంటే, మీ బంధువర్గం గురించి విన్నాను. ఇటలీవాళ్ళు 2001లోనే దూరం నుంచి అంకెలు చెప్పే మీటర్లు పెట్టడం మొదలుపెట్టారు. నెదర్లాండ్స్‌లో మీ తమ్ముడికి పీ1 అని ఒక చిన్న రంధ్రం ఉంది. వైరు గుచ్చితే చాలు, కొత్తరకమైతే సెకనుకోసారి గడగడా చెప్పేస్తాడు. ఆ దేశంలోనే 2009లో స్మార్ట్ మీటరు తప్పనిసరి చేద్దామంటే, ఇంటి సంగతులు బయటికి పోతాయని పెద్దలసభ ఒప్పుకోలేదు. మా గ్రైండరు సంగతి తలుచుకుంటే ఆ పెద్దలకు దండం పెట్టాలనిపిస్తుంది. కానీ వాళ్ళు ఆపింది బయటివాళ్ళను, ఇంటివాణ్ణి కాదు. ఎస్తోనియాలో, డెన్మార్క్‌లో దేశమంతటి లెక్కలకు ఒకే చోటు. గుర్తింపుతో లోపలికెళ్ళి, ఎవరికి చూపించాలో నువ్వే టిక్కు పెట్టొచ్చు. బ్రిటన్‌లోని మీ పిన్నమ్మ కొడుకులది మాత్రం జాలికథ. మొదటితరం స్మార్ట్ మీటర్లు, ఇంటాయన కరెంటు కంపెనీ మారగానే చాలా వరకు మూగబోయాయి. పాత యజమాని పేరు తప్ప మరో మాట రాని చిలకల్లాగ.

మీ దగ్గరికే వద్దాం. మీ దేశపు చట్టం మీటర్లను రెండు కులాలు చేసింది. అంకెల్ని దూరానికి పంపే, అంటే మాట్లాడే, గేట్‌వే పెట్టె తగిలించుకున్నవారు 'ఇంటెలిజెంట్'. అది లేనివారు 'మోడర్న్'. అంటే మీరు ఆధునికులేగానీ తెలివైనవారు కారు. ఈ మాట నాది కాదు, నామీద కోపం వద్దు. ఆ గేట్‌వేకు దేశ సైబరు భద్రతా సంస్థ సర్టిఫికెట్ ఉండాలి. దాన్ని మీటరు దాకా తేవడానికి కూడా భద్రతా నియమాలున్నాయి, పెళ్ళికూతురి నగలపెట్టె తెచ్చినట్టు తాళంవేసిన పెట్టెల్లో మోసేవారు. అంత భద్రంగా తెచ్చినందుకు ఫలితం కూడా అలాగే ఉంది. 2024 ముగిసేనాటికి ఈ దేశపు మీటర్లలో తెలివైనవి నూటికి మూడు కూడా లేవు. ఏడాదికి 6,000 యూనిట్లు దాటిన ఇళ్ళకైతే పెట్టి తీరాలి. మేం అంత కాల్చం. పొదుపుగా బతికినందుకు శిక్ష ఇది.

తెలివి ఎందుకంటారా? 2025 నుంచి ప్రతి కరెంటు కంపెనీ టోకు ధరను బట్టి రోజులోనే మారే ధరతో ఒక టారిఫ్ ఇవ్వాలి. ఎండ బాగా కాసిన ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ టోకు ధర సున్నాకన్నా కిందికి దిగుతుంది. అంటే కరెంటు తీసుకున్నవాడికే ఎదురు డబ్బు. పన్నులూ వైర్ల చార్జీలూ ఎటూ ఉంటాయనుకోండి, అయినా ఆ గంటలో బట్టలుతుక్కుంటే నాలుగు డబ్బులు మిగులుతాయి. కానీ నేనెప్పుడు ఉతికానో మీరు ఎవరికీ చెప్పలేరు కనక, నాకు ఆదివారం మధ్యాహ్నమూ ఒకటే, సోమవారం సాయంత్రమూ ఒకటే.

అందుకని తెలివైన మీటరు కావాలని అర్జీ పెట్టాను. ఫారంలో మొదటి గడి: మాలో నంబరు. రెండో గడి: మేలో నంబరు. మాలో అంటే మాలో ఒకరనుకున్నాను, మేలో అంటే మే నెలలో వస్తారనుకున్నాను. కాదట. మాలో కరెంటు కొనే చోటుకి గుర్తు, 11 అంకెలు. మేలో కొలిచే చోటుకి గుర్తు, 33 అక్షరాలు. కొనేదీ కొలిచేదీ సెల్లారులో ఒకే గోడమీదే. అదే చోటుకి ఫ్రాన్స్‌లో 14 అంకెలు, నెదర్లాండ్స్‌లో 18. స్పెయిన్‌లో 'ఈఎస్' అని మొదలవుతుంది, ఇటలీలో 'ఐటీ' అని. 33 అక్షరాలు మూడుసార్లు కొట్టాను. మూడోసారి ఒక సున్నా తగ్గింది. అర్జీ వెనక్కొచ్చింది, కారణం: "చోటు కనిపించలేదు". నేను ఆ చోట్లోనే నిలబడి ఉన్నాను.

ఈ తికమకకు బ్రస్సెల్స్‌లో, అంటే యూరోపియన్ యూనియన్ దగ్గర, మందు ఉందన్నారు. 2019లో ఒక ఆదేశం: వాడుక లెక్కలు వాడినవాడికి అందాలి, చూసుకోవడానికి అదనంగా పైసా తీసుకోకూడదు, అతను చెప్పినవాళ్ళకు ఇవ్వాలి. 2023 జూన్‌లో దానికి తోడు 1162 నంబరు నియమావళి. దేశదేశాల పద్ధతులు ఒకదానికొకటి అర్థమయ్యేలా చెయ్యడం దాని ఉద్దేశం. ఆశగా చదివాను. అందరికీ ఒకే పద్ధతి పెడతారనుకున్నాను. పెట్టలేదు. ఒక నమూనా గీసి, మీ మీ పద్ధతుల్ని దీనికెదురుగా రాసి 2025 జులైలోగా ఇవ్వండి అన్నారు. ఆవకాయ ఎవరింట్లో వాళ్ళ పాళ్ళలోనే పెట్టుకోండి, కాకపోతే ఉప్పెంతో కారమెంతో జాడీ మీద చీటీ అంటించండి అన్నట్టు. చీటీ మంచిదే, కాదనను. రుచి మాత్రం కలవదు.

ఆ నమూనాలో ఎంతమంది పెద్దమనుషులో! మీటరు లెక్కలు దాచేవారొకరు. వాటిని అందించేవారొకరు. అనుమతులు చూసేవారొకరు. మీటరు నడిపేవారొకరు. అడిగే అర్హత ఉన్న 'ఎలిజిబుల్ పార్టీ' ఒకరు. అందరి వెనకా నేను. నా బిరుదు 'ఫైనల్ కస్టమర్'. అంటే ఆఖరి బంతి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఇక్కడ వడ్డించేవాళ్ళు అయిదుగురున్నారు, ఒక్కడూ మనవాడు కాడు. గారెలు మాత్రం మా ఇంటి పిండివే.

కాబట్టి మీటరు గారూ, నాది చిన్న మనవి. మీరు తెలివైనవారు కానక్కర్లేదు. బ్రస్సెల్స్‌తో మాట్లాడనక్కర్లేదు. నిన్న నేనెంత కాల్చానో నాకొక్కడికి, టార్చి లేకుండా చెప్పండి. గ్రైండరు సంగతి మనిద్దరి మధ్యే ఉంచండి. ప్రతిగా ఏడాదికోసారి వచ్చి మీ అద్దం తుడుస్తాను.

ఇది మీ ఎదురుగా నిలబడే రాస్తున్నాను. పిన్‌లో మూడంకెలు పడ్డాయి, నాలుగోది తొమ్మిది. ఆరో వెలుగు దగ్గరున్నాను, ఫోను ఛార్జింగు నాలుగు శాతం. మెట్లమీద సైకిలు దింపుతున్న చప్పుడు.

ఇట్లు,
ఫైనల్ కస్టమరు
(మాలో: 11 అంకెలు. మేలో: 32 అక్షరాలు, ఒక సున్నా వెతుకుతున్నాను)