కెన్ రీడ్ సంకలనం: చందాలకు ముందు చూసుకోవాల్సినవి
బ్రిటిష్ కామిక్స్ చిత్రకారుడు కెన్ రీడ్ బొమ్మల కథల్ని చందాలు పోగుచేసి సంకలనంగా వేయడం గురించిన వ్యాసంలో, చందాలు పోగైతే పుస్తకం వచ్చేసినట్టే రాశారు. ముందు హక్కుల సంగతి తేలాలి. రీడ్ గీసిన 1958 నాటి 'జోనా' కథలు 'బీనో' అనే పిల్లల కామిక్ పత్రికవి, అంటే దాని ప్రచురణ సంస్థ డీసీ థామ్సన్‌ని అడగాలి. 1964లో 'వామ్!' అనే మరో కామిక్ పత్రికలో మొదలైన ఆయన 'ఫ్రాంకీ స్టైన్' ఇప్పుడు రెబెలియన్ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉంది. రెండూ ఒకే సంపుటిలో అంటే తలనొప్పే.

ఒరిజినల్ బొమ్మలు దొరక్కపోతే పాత సంచికలే గతి. న్యూస్‌ప్రింట్ పల్చన కదా, వెనకవైపు అచ్చు ఇవతలికి కనబడుతుంది. స్కాన్ చేసేటప్పుడు పేజీ వెనక నల్ల కాగితం పెట్టండి, 600 డీపీఐకి (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) తగ్గొద్దు. పసుపు పోగొడదామని కాంట్రాస్ట్ మరీ పెంచితే సన్నగీతలు, మొటిమలు, ముక్కులో వెంట్రుకలు అన్నీ మాయం. అవి పోయాక ఇంక రీడ్ ఏముంది!

గట్టి అట్ట వేస్తే బరువు 750 గ్రాములు దాటి, బ్రిటన్ తపాలా సంస్థ రాయల్ మెయిల్‌లో లార్జ్ లెటర్ (పెద్ద కవరు) కాస్తా పార్సిల్ అవుతుంది. డమ్మీ కాపీ కట్టించి, ప్యాకింగ్‌తో సహా తూచాకే తపాలా ఖర్చు ప్రకటించండి.