గుహలోని రాయిని విరిచి తెచ్చుకోమంటున్న సందేశానికి జవాబు

హన్మకొండలోని మా వాకింగ్ మిత్రుల గ్రూపులో వారం రోజుల్లో నాలుగుసార్లు ఒకే సందేశం వచ్చింది. గుహల్లో నేల నుంచి లేచే స్టాలగ్మైట్ మొక్కలా ప్రాణంతో పెరుగుతుందట. మన పద్మాక్షి గుట్ట లోపలా అలాంటివి ఉన్నాయట. వాటికి వేల ఏళ్ల వయసు అన్నది కట్టుకథ అట, కాంక్రీటు స్లాబు కింద కొన్నేళ్లలోనే అలాంటివి దిగడమే దానికి సాక్ష్యమట. బొర్రా గుహలకు వెళ్లినవారు చిన్న ముక్క విరిచి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే కలిసివస్తుందట. పంపినవారంతా చదువుకున్నవారే, నాకు కావలసినవారే కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

పద్మాక్షి గుట్ట గ్రానైటు. అది సున్నపురాయిలా వాననీటికి కరగదు. ఆ మాట అక్కడితో సరి. ప్రాణం సంగతీ అంతే. మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొన్న వాననీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దిగి, గుహలో చుక్కగా రాలినప్పుడు ఆ వాయువు గాలిలోకి పోతుంది, కరిగిన సున్నం పొరగా మిగులుతుంది.

వయసు విషయంలో సందేశం చూపిన సాక్ష్యం మాత్రం నిజమేనని ఒప్పుకుంటున్నాను. కాంక్రీటు స్లాబు కింద కొన్నేళ్లలోనే వేలెడు పుల్లలు దిగుతాయి. మా అపార్టుమెంటు సెల్లారులో పగులు వెంట అలాంటివే ఉన్నాయి, తెల్లగా, లోపల బోలుగా, పట్టుకుంటే పొడి అయ్యేవి. అయితే అవి సిమెంటు నుంచి దిగిన కాల్షియం హైడ్రాక్సైడు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకోవడం వల్ల ఏర్పడినవి. గుహలో జరిగేది దానికి తలకిందులు, అదీ సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతో, అంతకన్నా తక్కువో. పైగా వయసును ఎత్తు కొలిచి చెప్పరు. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు కాబట్టి కొత్త పొరలోకి నీటితో యురేనియమే చేరుతుంది; పొర ఏర్పడ్డాక యురేనియం నుంచి ఎంత థోరియం పుట్టిందో కొలిచి చెబుతారు.

ఇక విరవడం గురించి. పదో వంతు లెక్కనే వేసుకున్నా ఎనిమిది సెంటీమీటర్ల ముక్క 800 ఏళ్ల పోగు. అంటే రామప్ప గుడి వెలసిన 1213 నాటి వాన దాని అడుగు పొరల్లో ఉంటుంది. మన రుతుపవనాలు బలంగా ఉన్న కాలపు పొరల్లో బరువైన రకం ఆక్సిజన్ (ఆక్సిజన్-18) వాటా సాధారణంగా తగ్గుతుంది, వానలు ముఖం చాటేసిన కాలంలో పెరుగుతుంది. మేఘాలయలోని మామ్లూ గుహ స్టాలగ్మైట్‌లో దాదాపు 4200 ఏళ్ల కిందటి అలాంటి బలహీన కాలపు జాడ దొరికింది. అప్పటి నుంచి నేటి వరకు గల యుగానికి 2018లో మేఘాలయన్ అని పేరు పెట్టి, ఆ రాతినే ప్రమాణంగా తీసుకున్నారు. చెరువు నిండుతుందా లేదా అని ఏటా ఆకాశం వైపు చూసే మనం, అలాంటి లెక్క దాచుకున్న రాతిని టీవీ స్టాండు మీద పెట్టుకోవడానికి విరుస్తామా?

శాస్త్రవేత్తలూ కోస్తారు కదా అని ఒకరు అడిగారు. కోస్తారు, అనుమతి తీసుకుని, ఏ గుహలో ఏ చోట నిలబడిందో రాసుకుని కోస్తారు. సంచిలో వేసుకొచ్చిన ముక్కకు ఆ చిరునామా ఉండదు. విరవకుండా తడిమినా సరే, చేతి జిడ్డు అంటిన చోట కొత్త పొర సరిగా పట్టదు. బొర్రాలో లింగంగా కొలిచే స్టాలగ్మైట్‌కు దండం పెట్టుకుని రండి. ఈ సందేశాన్ని ఇప్పటికే ఇతర గ్రూపులకు పంపినవారు దయచేసి ఈ రోజే అక్కడి నుంచి తొలగించండి.