రాయి ఒక శాఖది, చెట్టు ఇంకో శాఖది.. మరి లింగమయ్య ఎవరి ఖాతాల?

ఉగాది పోయినంక వచ్చే తొలి పున్నమికి నల్లమల అడవిల, లోయల ఉన్న సలేశ్వరం లింగమయ్య (శివుడు) కాడికి తొవ్వ తెరుస్తరు, ఫర్హాబాద్ గేటు కాడ బండ్ల లైను, "వస్తున్నం లింగమయ్యా" అనుకుంట జనం లోయలకు దిగుడు, ఇగ ఆ వారమంతా పేపర్లల్ల ఫేస్‌బుక్కుల ఒకటే పంచాయితీ. పులులకు డిస్టర్బ్ అయితది బంద్ పెట్టుర్రి అని ఒక జట్టు, మా దేవుని కాడికి పోనీకె ఫారెస్టోళ్ల పర్మిషన్ ఏంది అని ఇంకో జట్టు. నేనైతే రెండు జట్లల్ల లేను. ఎందుకంటే అడవి వేరు గుడి వేరు అనే కాడ ఇద్దరూ ఒక్కటే, అసలు తప్పు ఆడనే ఉంది.

సూటిగ చెప్తున్న. సలేశ్వరం పెత్తనం ఈ అడవిల ఉండే చెంచుల గ్రామసభకు ఇయ్యాలె. సలేశ్వరం ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ప్లాన్ల పులితో పాటు లింగమయ్య గుండం, మల్లెలతీర్థం, ప్రతాపరుద్రుని కోట, చెంచులు తేనె తీసే కొండచరియలు అన్నీ ఒకటే కాగితం మీదికి రావాలె.

ఇది కొత్త ముచ్చట కూడా కాదు. 1972ల మన దేశం వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది, అదే ఏడాది యునెస్కో ప్రపంచ వారసత్వ ఒప్పందం తెచ్చింది. వాళ్లు ప్రకృతినీ సంస్కృతినీ ఒకటే ఒప్పందంల పెట్టిన్రు, మన చట్టమేమో జంతువు, చెట్టు కాడ ఆగింది. (యునెస్కోకు కూడా అడవి గురించి సలహా చెప్పే సంస్థ వేరు, కట్టడం గురించి చెప్పే సంస్థ వేరు, ఆ రోగం అందరికీ ఉంది.) 2016ల కాంచనగంగ నేషనల్ పార్కుకు రెండు లెక్కలల్లనూ గుర్తింపు ఇచ్చిన్రు, మన దేశంల అట్లాంటిది అదే ఫస్టు. సిక్కింల ఆ కొండను దేవుడంటరు కాబట్టి అయింది. నల్లమలల కొండకు తక్కువ మొక్కుతున్నమా?

శాఖలు పంచుకుంటే ఏమైతదో చూడాలంటే అడవి దాకా కూడా పోవద్దు, మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి పోతే చాలు. ఏడు వందల ఏండ్ల మర్రి, కింద దర్గా, పక్కన శ్రీశైలం ముంపుల నుంచి తీసుకొచ్చి మళ్ల కట్టిన గుడి, ఇంకో దిక్కు మ్యూజియం. ఇంతకంటే మంచి ఉదాహరణ దేశంల దొరకది. చెట్టును చూసెటోళ్లు ఒకరు, మ్యూజియం చూసెటోళ్లు ఒకరు, టికెట్లు అమ్మెటోళ్లు ఒకరు, జనమేమో ఊడలు పట్టుకుని ఊయలలూగిన్రు, లోపల చెదలు తిన్నది ఎవరికీ కనవడలే. 2017 ఆఖర్ల కొమ్మ విరిగి పడ్డంక గేటు మూసిన్రు, తర్వాత చెట్టుకు సెలైన్ బాటిళ్లు కట్టి చుక్క చుక్క మందు ఎక్కిచ్చిన్రు. ఆ ఫొటో దునియా మొత్తం తిరిగింది. చెట్టు బతికింది, ఫారెస్టోళ్ల కష్టాన్ని కాదనను, గని ఐసీయూ దాకా ఎందుకొచ్చిందని ఎవరన్నా అడిగిన్రా?

ఇగ చెంచుల దగ్గరికి వద్దం. తేనె తీయనీకె చెంచు మనిషి తాడు కట్టుకుని కొండచరియ మీద నుంచి దిగుతడు, పైన తాడు పట్టుకునేది బావమరిది. తన చెల్లె తాళి ఆ తాడుకే ఉందని తెల్సినోడు చెయ్యి వదులుతడా! తేనెపట్టు మొత్తం తియ్యరు, కొంత ఈగలకు ఇడిచిపెడ్తరు. దీన్ని అటవీ ఉత్పత్తి అని రాసుకుంటరా, సంస్కృతి అని రాసుకుంటరా? శ్రీశైలం మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు. సలేశ్వరంల పూజారులు వాళ్లే. అడవిల పులి అడుగు చూసి ఎటు పోయిందో చెప్పేది వాళ్లే, అందుకే కదా ఫారెస్టోళ్లు కూడా వాచర్లుగ పెట్టుకున్నది. ఒకటే మనిషి పొద్దున దేవునికి పూజారి, పొద్దుమీకి పులికి కాపలా. ఫైళ్లల్ల మాత్రం ఆయన వేరే శాఖల లబ్ధిదారుడు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) లిస్టుల ఒక నంబరు.

బంద్ పెట్టుర్రి అనెటోళ్ల మాటల నిజం లేదని అనను. ఎండకాలం, నీళ్లు తక్కువ, జంతువులు వచ్చే గుండాల కాడికే లక్షల మంది దిగుతరు, ప్లాస్టిక్ ఇడిచిపోతరు, ఒక బీడీ ముక్కకు అడవి అంటుకుంటది. అందుకే రాను రాను రోజులు తగ్గిచ్చిన్రు, ఈ మధ్య మూడు రోజులే. బరాబర్ తగ్గియ్యాలె, కావాలంటే ఇంకా తగ్గియ్యాలె. గని ఎంతమందిని రానియ్యాలె అనేది అచ్చంపేటల కూసుని ఆఫీసర్ ఎందుకు తేల్చాలె? కర్ణాటకల బీఆర్ హిల్స్ కూడా టైగర్ రిజర్వే, ఆడ సోలిగ గిరిజనులకు 2011ల సామూహిక అటవీ హక్కులు ఇచ్చిన్రు, పులులేం పారిపోలే. మధ్యప్రదేశ్‌ల బైగా గిరిజనులకు వాళ్లు తిరిగే జాగ మీద ఆవాస హక్కే ఇచ్చిన్రు. 2006 అటవీ హక్కుల చట్టంల ఆ సెక్షన్ చెంచుల అసొంటోళ్ల కోసమే ఉంది. ఎందుకు వాడరు?

వాడరు, ఎందుకంటే పాలమూరుల ప్రభుత్వానికి ఒక పాత అలవాటుంది. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు కూడలి సంగమేశ్వరం గుడిని రాయి రాయికి నంబర్ వేసి ఆలంపూర్‌కు తెచ్చి ముచ్చటగ నిలబెట్టిన్రు, మంచి పనే, ఇయ్యాల పోయి చూస్తే కండ్లు నిండుతయి. మరి అదే నీళ్లల్ల మునిగిన ఊర్ల మనుషులకు? 1986ల 98 జీవో తెచ్చి ఇంటికో నౌకరి అన్నరు, తండ్రి పేరు మీద మొదలైన దరఖాస్తు మనుమడి చేతికొచ్చింది. రాయికి ఉన్న నంబరు మనిషికి దొరకలే. ఇప్పుడు అడవిల కూడా అదే లెక్క: కోర్ ఏరియా (పులుల కోసమని పక్కకు పెట్టిన నడిమి అడవి) ఖాళీ చెయ్యుర్రి, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ తీసుకోర్రి. పులి కోసమే అయితే సరే అనుకుందం, మరి అదే కోర్‌ల 83 చదరపు కిలోమీటర్ల యురేనియం సర్వేకు 2019ల ఢిల్లీల సూత్రప్రాయంగ ఓకే ఎట్ల చెప్పిన్రు? అప్పుడు పులికి డిస్టర్బ్ కాదా? జనం రోడ్డెక్కితే, అసెంబ్లీ తీర్మానం చేస్తే ఆగింది. ఆ కొట్లాటల ముందుకొచ్చింది పెంటలోళ్లు (పెంట అంటే అడవిల చెంచుల గూడెం), అమ్రాబాద్ మండలం జనం. పులి తరఫున, లింగమయ్య తరఫున, రెండింటికీ కలిపి మాట్లాడింది వాళ్లొక్కరే.

అందుకే అంటున్న, వచ్చే చైత్ర పున్నమి కంటే ముందే చెంచు పెంట అప్పాపూర్‌ల గ్రామసభ పెట్టుర్రి. ఎన్ని బండ్లు, ఎన్ని రోజులు, ఏ గుండం కాడికి మనిషి పోవద్దు, ఇవి వాళ్లనే చెప్పమనుర్రి. అడవిల నుంచి పోయే శ్రీశైలం హైవే మీద బండ్ల కాడ వసూలు చేసే పర్యావరణ రుసుంల వాటా ఆ సభ ఖాతాల ఎయ్యిర్రి. పురావస్తు శాఖోళ్లు ఒక్కసారి ప్రతాపరుద్రుని కోట ఎక్కి, చెంచు మనిషిని ఎంట తీసుకునే, ఏం మిగిలిందో రాసుకోర్రి. ఇదేదీ చెయ్యక పెంటలన్నీ ఖాళీ చేపిస్తే, రేపు సలేశ్వరంల పూజ ఎవరు చేస్తరు? ఎండోమెంటోళ్లు ఔట్‌సోర్సింగ్‌ల పూజారిని పెట్టుకుంటరా?