పాత ఇనుముకు పాదాభివందనం

మా పెద్దబావగారికి ఒక సిద్ధాంతం ఉంది. ఈ కాలం కార్లన్నీ అట్టపెట్టెలట, స్కూటరు తగిలినా సొట్ట పడుతుందట, అదే ఆ రోజుల్లో ఇనుమంటే ఇనుమేనట, గుద్దితే గోడే పడిపోయేదట. ఆయన మాట కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని నేనూ ఆయన పక్షానే చేరి, ఈ భద్రత పిచ్చి వల్ల లోకం ఎంత నష్టపోయిందో నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1966లో వచ్చిన లంబోర్గినీ మియురానే తీసుకోండి. అందం గురించి మొదలెడితే తెల్లారిపోతుంది, వదిలేద్దాం. డ్రైవరు వీపు వెనకాలే పన్నెండు సిలిండర్ల ఇంజిను, అదీ అడ్డంగా. కాళ్ళ ముందు పెట్రోలు ట్యాంకు. ఇప్పటి ఇంజనీర్లు ట్యాంకుని తీసుకెళ్ళి వెనక సీటు కింద దాస్తారు, పిరికివాళ్ళు. పెట్రోలు తగ్గేకొద్దీ మియురా ముక్కు తేలికైపోయి, మంచి స్పీడులో ఉండగా పైకి లేస్తానంటుంది. అప్పుడు స్టీరింగు తిప్పడమంటే దరఖాస్తు పెట్టుకోవడమే, మంజూరు చెయ్యడం బండి ఇష్టం. కొన్ని బళ్ళయితే ఊరికే సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా కార్బ్యురేటర్లలోంచి పెట్రోలు కారి అంటుకున్నాయి కూడా. యాక్సిడెంటుకి ఎదుటి బండి కూడా అక్కర్లేదన్నమాట. స్వయంసమృద్ధి అంటే ఇదీ.

ఇక 1954 మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్. తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కారు బోల్తా పడితే మాత్రం ఆ తలుపులు తెరుచుకోవు. వచ్చిన చుట్టాన్ని అంత తొందరగా పంపించని మర్యాద. 2010లో అదే కంపెనీ అలాంటి తలుపులతో ఎస్‌ఎల్‌ఎస్ తెచ్చింది కానీ, బోల్తా పడగానే తలుపులు ఊడి రావడానికి కీళ్ళ దగ్గర చిన్న చిన్న పేలుడు మందు బోల్టులు పెట్టింది. బయటికి రావడానికి బాంబులు కావాలా అండీ?

1975 నాటి పోర్షే 911 టర్బో ఉంది చూశారూ, దానికి ఇంగ్లీషువాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరుకి అర్థం 'ఆడవాళ్ళ పసుపుకుంకాలు తీసేది' అని. ఇంజిను బరువంతా వెనక చక్రాల అవతల. యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఏమీ జరగదు, ఇంజినులోకి గాలిని ఎక్కువగా నెట్టి బలం పెంచే ఆ టర్బో ఆలోచించుకుంటూ ఉంటుంది, సరిగ్గా మీరు మలుపులోకి వెళ్ళాక ఉన్న శక్తంతా ఒక్కసారి ఇచ్చేస్తుంది. భయపడి కాలు తీశారో, వెనక భాగం మీకంటే ముందు ఇల్లు చేరాలని చూస్తుంది. ఇప్పటి కార్లలో అలా జారబోతే కంప్యూటరే గుట్టుగా ఒక చక్రానికి మాత్రం బ్రేకు వేసి దారిలో పెడుతుంది. డ్రైవరేమో పక్కనున్న భార్య వంక తిరిగి, చూశావా నా డ్రైవింగు అంటాడు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది 1987 ఫెరారీ ఎఫ్40. లోపల తలుపు తియ్యడానికి పిడి లేదు, ఓ తాడు వేలాడుతూ ఉంటుంది, లాగాలి. కింద కార్పెట్ లేదు, కెవ్లార్ అనే గట్టి నార అల్లిక కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది. రేడియో లేదు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, గంటకి 324 కిలోమీటర్ల వేగం మాత్రం ఉంది. పాపం అప్పటికి కనిపెట్టలేదేమో అనుకుంటారేమో, ఏబీఎస్ 1978కే మెర్సిడెస్‌లో ఉంది, ఎయిర్‌బ్యాగ్ 1981కి. తెలిసే వద్దనుకున్నారు. నియమమంటే అలా ఉండాలి, కార్తీక మాసం ఉపవాసంలాగా.

మరి చెడగొట్టిందెవరు? బేలా బరేనీ అని మెర్సిడెస్‌లో ఒక ఇంజనీరు. కారు ముందూ వెనకా నలిగిపోవాలి, మధ్యలో మనుషులు కూర్చునే పెట్టె మాత్రం చెక్కుచెదరకూడదని 1950లలోనే పేటెంటు తీసుకున్నాడు. అదుగో, అట్టపెట్టెలు అప్పుడు మొదలయ్యాయి. అంతకుముందు ఎంత పద్ధతిగా ఉండేదో! కారు నలిగేది కాదు, దెబ్బంతా లోపలివాడికి నేరుగా అందేది, స్టీరింగు కడ్డీ ఈటెలా వచ్చి గుండెల మీదే ఆగేది.

2009లో అమెరికాలో బీమా కంపెనీల పరిశోధన సంస్థ ఒకటి 1959 షెవ్రొలే బెల్ ఎయిర్‌నీ 2009 మాలిబూనీ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. బెల్ ఎయిర్ స్పోర్ట్స్ కారు కాదులెండి, బావగారు మెచ్చే రకం, బండెడు ఇనుము. వీడియోలో మాలిబూలో మనిషికి బదులు కూర్చోబెట్టిన బొమ్మకి కాలికి దెబ్బ తగిలినట్టుంది, అంతే. బెల్ ఎయిర్‌లో అద్దం ఊడి ఎగిరిపోయింది, డ్యాష్‌బోర్డు బొమ్మ మీదకి మడతపడిపోయింది, మనిషే ఉండుంటే కబురు చెప్పడానికి మిగలడు. బావగారికి చూపించాను. "ఇంజిను తీసేసుంటార్రా" అన్నారు. "లేదు బావగారూ, ఉందనే చెప్పారు" అన్నాను. "అయితే తుప్పు పట్టిన బండి తెచ్చుంటారు."

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఈ పాత కార్లకున్న అసలు భద్రత ధరలో ఉంది. 36 మాత్రమే తయారైన ఫెరారీ 250 జీటీఓల్లో ఒకటి 2018 వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. అంత పోసి కొన్నవాడు దాన్ని ఆఫీసు ట్రాఫిక్‌లోకి తెస్తాడా? ఏసీ గదిలో దుప్పటి కప్పి పడుకోబెడతాడు. అలాంటి కారులో ఎవరికైనా ఏమవుతుంది చెప్పండి, దుమ్ము తుడిచేవాడి నడుం నొప్పి తప్ప.

మొన్న మనవడి కోసం కారు కొనడానికి బావగారితో షోరూముకి వెళ్ళాను. కుర్రాడు మైలేజీ గురించి మొదలెట్టాడు. బావగారు చెయ్యి అడ్డం పెట్టి, "అది తర్వాత, గుద్దే పరీక్షలో ఎన్ని స్టార్లొచ్చాయి?" అన్నారు. ఐదు సార్ అన్నాడు.

"ఆరు స్టార్లది లేదూ?"