శుభలేఖలో పేరు లేకపోతే

మా జమ్మలమడుగు వైపు ఒక ఊరి చర్చిలో అన్న ముందు వరసలో కూర్చుంటాడు, తమ్ముడు తలుపు దగ్గర కూర్చుంటాడు. నాలుగేళ్లయింది మాటల్లేక. తమ్ముడి కూతురి పెళ్లి శుభలేఖలో అన్న పేరు పడలేదు. అచ్చులో పోయిందని తమ్ముడంటాడు, కావాలనే తీసేశారని అన్న అంటాడు. ప్రతి ఆదివారం ఇద్దరూ ప్రభువు నేర్పిన ప్రార్థన చెబుతారు, అందులో అప్పులు, అంటే తప్పులు, క్షమించే మాట కూడా చెబుతారు.

ఇట్లాంటి గొడవల గురించే యేసు కొండమీద మాట్లాడాడని నా నమ్మకం. "నిన్ను కుడిచెంపమీద కొట్టువానివైపునకు ఎడమచెంపకూడ త్రిప్పుము" అన్నాడు. కుడిచెంప అని ఎందుకన్నాడు? కుడిచేతి వాటం మనిషి ఎదుటివాడి కుడిచెంప మీద కొట్టాలంటే చేతిని తిప్పి వెనకవైపుతో కొట్టాలి. అది దెబ్బ కన్నా అవమానం అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. పెళ్లికి పిలవకపోవడం, నలుగురిలో మాట తూలడం, నీళ్ల వంతు దగ్గర తోసేయడం, ఇవన్నీ ఆ చెంపదెబ్బలే. సీమలో పగలు ఎంత చిన్న మాటతో మొదలై ఎంతదూరం పోతాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే చెంప చూపమన్నాడు కాబట్టి నోరు మూసుకోమన్నాడని బోధించేవాళ్లున్నారు. అది తప్పు. యూదుల పెద్ద పూజారి అయిన ప్రధానయాజకుడి ముందు ఒక బంట్రోతు యేసును నిజంగానే కొట్టాడు. ఆయన తిరిగి కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఊరుకోనూ లేదు. "నన్నేల కొట్టుచున్నావు?" అని అడిగాడు. కొట్టినవాణ్ణే, ముఖం మీదే.

బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పింది కూడా ఇదే దారి. సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకుని పో. అప్పటికీ వినకపోతేనే సంఘానికి, అంటే చర్చిలో అందరికీ, చెప్పు. మన ఊళ్లలో ఈ వరస తలకిందులు. ముందు రచ్చబండ దగ్గర, తర్వాత బంధువుల ఇళ్లలో, ఆపైన వాట్సాప్‌లో. అసలు మనిషి దగ్గరికి మాత్రం పోము. ఆ అన్న ఈ నాలుగేళ్లలో ఊరందరికీ చెప్పుకున్నాడు. "నా పేరు ఎందుకు పోయింది రా?" అని తమ్ముణ్ణి ఒక్కసారీ అడగలేదు. అవమానాన్ని ఎంతమంది చూస్తే దాన్ని వదులుకోవడం అంత కష్టం. ఏకాంతంగా అడగమనడంలో ఉన్న దయ ఇదే, ఎదుటివాడికి తప్పు ఒప్పుకునే చోటు మిగులుతుంది.

శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టు, అట్లా చేస్తే అతని తలమీద నిప్పులు కుప్పగా పోస్తావు అంటాడు తొలినాళ్ల క్రైస్తవ బోధకుడు పౌలు, బైబిల్లోని సామెతల గ్రంథం మాట తీసుకుని. ఈ పోలిక నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న మన వేమన కూడా, శత్రువు చేతికి చిక్కితే మేలు చేసి పొమ్మనడమే వాడికి చావు అన్నాడు. అంటే మేలు కూడా ఒక దెబ్బేనా? పౌలు తర్వాతి వాక్యం చదివాక నాకు తేటపడింది. "మేలుచేత కీడును జయించుము" అన్నాడు. గెలవాల్సింది కీడును, మనిషిని కాదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. భర్త కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన ఆడమనిషికి, కులం పేరుతో దెబ్బలు తిన్న కుర్రాడికి ఈ వాక్యాలు చూపించి సర్దుకోమనకూడదు. విచారణ లేకుండా తనను కొట్టి చెరలో వేసిన ఫిలిప్పీ పట్టణపు అధికారులు గుట్టుగా వెళ్లిపొమ్మంటే పౌలు వెళ్లలేదు, వాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. అతను పగ తీర్చుకోలేదు, అన్యాయాన్ని దాచనూ లేదు.

మనసు కరిగేదాకా ఆగాలా అని కొందరు అడుగుతారు. బైబిల్లోని నిర్గమకాండంలో ఒక ఆజ్ఞ ఉంది. నీ శత్రువు ఎద్దు తప్పిపోయి కనిపిస్తే దాన్ని తోలుకుపోయి అతనికి అప్పగించు. అతని మీద ప్రేమ పుట్టాక తోలుకుపొమ్మని అక్కడ లేదు. కోపం కోపంగానే ఉండనీ. ఎద్దును తోలుకుపోయి అతని కొట్టంలో కట్టేసి రావచ్చు.