అమ్మకు మమోగ్రామ్, ఇంటికి ఎమర్జెన్సీ

తెలుగువాళ్ల ఇళ్లలో మార్చి అంటే సర్వీసింగుల నెల. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోగానే ఏసీ మెకానిక్‌కి ఫోన్ వెళ్తుంది. వాటర్ ప్యూరిఫయర్‌లో ఫిల్టర్ మారుస్తారు, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోస్తారు. మా నాన్నగారి షుగర్ పరీక్ష మూడు నెలలకోసారి, ఆయన స్కూటర్ సర్వీసింగ్ ఆర్నెల్లకోసారి. రెండూ వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి ఉంటాయి, రాసేది అమ్మ. ఆ క్యాలెండర్‌కి ఎక్కనిది కూడా అమ్మే. దీనికి గట్టి సాంకేతిక కారణం ఉంది. అమ్మ ఎప్పుడూ ఆగిపోలేదు. ఆగకుండా నడుస్తున్నదాన్ని విప్పి చూడకూడదన్నది ఇంజనీరింగ్‌లో మూలసూత్రం. నేను ఇంజనీర్‌ని కాబట్టి ఈ విషయంలో నా మాటకు విలువుంటుంది.

ఇంత సుస్థిరమైన వ్యవస్థలోకి ఈ వసంతంలో మమోగ్రామ్, అంటే రొమ్ము క్యాన్సర్‌ని ముందే పట్టుకోవడానికి తీసే ఎక్స్‌రే, చొరబడింది. మరే కుటుంబానికీ ఈ పరిస్థితి రాకూడదన్న ప్రజాహిత దృష్టితో ఆ పరిణామాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఇందులో విదేశీ హస్తం ఉంది. మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. నలభై నుంచి డెబ్బై నాలుగేళ్ల వరకు ఆడవాళ్లు రెండేళ్లకోసారి మమోగ్రామ్ చేయించుకోవాలని అమెరికాలో నిపుణుల బృందం ఒకటి 2024లో సిఫారసు చేసింది. అక్కకు నలభై ఒకటి వచ్చాయి, చేయించుకుంది. అక్కడితో ఆగితే అది ఆ దేశపు అంతర్గత వ్యవహారం. ఆగకుండా వీడియో కాల్‌లో, "అమ్మా, నువ్వెప్పుడు చేయించుకున్నావే?" అని అడిగింది. అమ్మ అప్పుడు కింద పేపర్ పరుచుకుని కొత్త చింతపండులో గింజలు తీస్తోంది. ఏడాదికి సరిపడా చింతపండు. ఫోన్ ఉప్పు జాడీకి ఆనించి ఉంది.

"నాకేమైందే, నిక్షేపంగా ఉన్నాను," అంది అమ్మ. వయసు అరవై రెండు.

మన దేశంలో అమలులో ఉన్న స్క్రీనింగ్ పద్ధతి ఇదే. ఖర్చు లేదు, రిపోర్టు వెంటనే వస్తుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లను, రొమ్ము క్యాన్సర్ కోసం ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే, అవునన్నవాళ్లు నూటికి 0.9. అంటే పూర్తిగా ఒక్క మనిషి కూడా కాదు. మిగతా తొంభై తొమ్మిది మందీ నిక్షేపంగా ఉన్నామనే చెబుతారు. ఇదే దేశంలో 2022 ఒక్క ఏడాదిలో కొత్తగా 1.92 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, 98 వేల మంది దానితో చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అంచనా. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడటం ఇంట్లో శాంతికి మంచిది కాదు. అక్క పెట్టి చూపించింది.

ఉగాది రోజున కుటుంబ సభ సమావేశమైంది. పరాభవ నామ సంవత్సరం. పచ్చడి తింటూ నాన్న పంచాంగం తీసి అమ్మ రాశికి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివారు. ఆ నాలుగింటిలో మమోగ్రామ్ ప్రస్తావన ఎక్కడా లేదు కాబట్టి అవసరం లేదని తేల్చారు. అక్క ఫోన్‌లోంచి ఒప్పుకోలేదు. అప్పుడు నాన్న అసలు వాదం బయటపెట్టారు: "హాయిగా ఉన్న మనిషిని తీసుకెళ్తే లేనిపోనిది ఏదో బయటపడుతుంది. ఎందుకొచ్చిన గొడవ?"

ఇది మామూలు మాట కాదు, మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్న దర్శనం. చూడనంతవరకు లేదు, చూస్తేనే వస్తుంది. కరెంటు బిల్లు విషయంలో నాన్న ఈ సిద్ధాంతాన్ని ఎందుకు పాటించరో నాకు తెలియదు. నెల నెలా మీటర్ దగ్గరికి టార్చి పట్టుకుని స్వయంగా వెళ్లి చూస్తారు.

తర్వాత రేడియేషన్ మీద చర్చ. ఎక్స్‌రే కదా, దానివల్లే జబ్బు వస్తే? డాక్టరు గారిని ఫోన్‌లో అడిగాం. మట్టిలోంచి, గాలిలోంచి, ఆకాశంలోంచి ఊరికే కూర్చున్నా ఏడెనిమిది వారాల్లో మన ఒంటికి ఎంత రేడియేషన్ చేరుతుందో మమోగ్రామ్‌లో సుమారు అంతే ఉంటుందన్నారు. నాన్నకు నచ్చలేదు. ఊరికే కూర్చోవడంలో ప్రమాదం ఉందన్న అర్థం వచ్చేలా మాట్లాడారని ఆయన అభ్యంతరం.

ఇక డబ్బు. ఇక్కడ అక్క ఒక తెలివితక్కువ పని చేసింది. మన దేశంలోనే జరిగిన అధ్యయనం గురించి చెప్పింది. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లతో ఇరవై ఏళ్లు నడిపి 2021లో ఫలితాలు ప్రచురించారు. మమోగ్రామ్ లేదు, మిషన్ లేదు. వాళ్లలో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు, అంతే. అన్ని వయసులనూ కలిపి చూస్తే మరణాల్లో తేడా గట్టిగా నిలబడలేదు గానీ, యాభై దాటినవాళ్లలో మాత్రం రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు ముప్పై శాతం తగ్గాయి. మన ప్రభుత్వం కూడా ముప్పై నుంచి అరవై అయిదేళ్ల వరకు ప్రతి స్త్రీకీ అయిదేళ్లకోసారి ఇలా చేత్తో చేసే పరీక్షే చేయించాలని 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. అక్క ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ 'బోలెడు ఖర్చు' అనే సాకును ఒక్క దెబ్బతో ఇలా లాగేస్తే ఇంటి పెద్ద ఏమైపోవాలి?

చివరికి అమ్మను కాపాడింది వైద్యశాస్త్రం కాదు, ఆదాయపు పన్ను. ఆ ఏడాది లెక్కలో ఆరోగ్య పరీక్షలకు సెక్షన్ 80డి కింద అయిదు వేల రూపాయల వరకు మినహాయింపు ఉంది, మార్చి 31లోపు చేయించాలి. పైగా మహిళా దినోత్సవం పేరుతో పెట్టిన ఆఫర్ నెలాఖరు వరకు పొడిగించామని సూర్యారావుపేటలో ఓ సెంటర్ నుంచి మెసేజ్ వచ్చింది. (విజయవాడ తెలియనివాళ్ల కోసం: సూర్యారావుపేటలో బోర్డులేని ఇల్లు కనిపిస్తే అందులోని డాక్టరు ఊరెళ్లాడని అర్థం.) పన్ను మినహాయింపు, డిస్కౌంట్ రెండూ ఒకే వారంలో కలిసి వచ్చాయి. ఇలాంటి ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు. అరవై రెండేళ్ల స్త్రీ ఆరోగ్యం మీద నాన్నకు హఠాత్తుగా శ్రద్ధ కలిగింది.

బంధువులకు ఏం చెప్పాలన్నది తర్వాతి సమస్య. ఆ అవయవం పేరు మా ఫ్యామిలీ గ్రూపులో ఇంతవరకు ఎవరూ టైప్ చేయలేదు. బాబాయి ఫోన్ చేసినప్పుడు నాన్న రెండు క్షణాలు ఆలోచించి, "వదినకు కళ్ల పరీక్షరా," అన్నారు. ఆ సాయంత్రానికి ముగ్గురు శుక్లాల డాక్టర్ల నంబర్లు వచ్చాయి. గుంటూరు మేనత్త పొన్నగంటి కూర పంపింది. అమ్మ కళ్లు ఈ మధ్యే మసకబారాయని తనకు ముందే అనిపించిందని పెద్దమ్మ చెప్పింది.

ముందురోజు సెంటర్ నుంచి అమ్మాయి ఫోన్ చేసి, పౌడర్, సెంటు, డియోడరెంట్ ఏవీ రాసుకోవద్దంది. ఆ రేణువులు ఫోటోలో సున్నపు చుక్కల్లా కనిపించి మోసం చేస్తాయట. అమ్మ తన పెళ్లయినప్పటి నుంచి పౌడర్ అద్దుకోకుండా గేటు దాటింది లేదు. కూరగాయల బండి దగ్గరికి కూడా. మెడలో గొలుసులు ఉండకూడదన్నది రెండో షరతు. అది వినగానే ఎనభై ఎనిమిదేళ్ల మా నాయనమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. సుమంగళి తాళి తీస్తే తన కొడుకు ఏమవుతాడు? నాన్న ఆయుష్షు మొత్తం ఆ సూత్రాల మీదే నిలిచి ఉంటే పొద్దున్నా సాయంత్రం ఆయన షుగర్ మాత్రలు ఎందుకు మింగుతున్నట్టు అని నా భార్య అడిగింది. సభలో గందరగోళం చెలరేగింది. మర్నాడు ఆ టెక్నీషియన్ అమ్మాయి, "వెనక్కి వేసేసుకోండి ఆంటీ, చాలు," అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇలాంటివాళ్లను నదీజలాల వివాదాలకు ఎందుకు పంపరో.

పరీక్ష రోజు. అమ్మకు తోడు నా భార్య కూడా వెళ్లింది, అంటే వంటింటికి రెండు ప్రధాన స్తంభాలూ ఒకేసారి పోయాయి. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి పప్పు, దొండకాయ వేపుడు, చారు చేసి, అన్నం కుక్కర్‌లో బియ్యం కడిగి పెట్టి, "మూడు విజిల్స్, అంతే," అని చెప్పి వెళ్లింది. అయినా ప్రజాజీవనం స్తంభించింది.

పదిన్నరకు నాన్న డాబా మీద ఉన్నారు. సగ్గుబియ్యం వడియాలు ఎండబెట్టి ఉన్నాయి, కాకుల్ని తోలే డ్యూటీ ఆయనది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో న్యూస్ పేపర్. సరిగ్గా అప్పుడే గ్యాస్ సిలిండర్ వచ్చింది. ఓటీపీ కావాలన్నాడు కుర్రాడు. ఓటీపీ అమ్మ ఫోన్‌కి వెళ్లింది. అమ్మ ఫోన్ ఆమె హ్యాండ్‌బ్యాగులో, హ్యాండ్‌బ్యాగు నా భార్య ఒళ్లో, నా భార్య ఫోన్ సైలెంట్‌లో. నేను ఆఫీసు మీటింగులో మ్యూట్ నొక్కి పరిగెత్తేసరికి కుక్కర్ విజిల్స్ లెక్క తప్పింది. ఎన్ని వచ్చాయని నాన్నను అడిగితే, పైన తనకు వినపడవనీ, కింద ఉన్న నాయనమ్మను అడగమనీ కేకేశారు. నాయనమ్మకు పదేళ్లుగా ఏవీ వినపడవు. కుర్రాడు సిలిండర్‌ని మళ్లీ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. గొడవేమిటో చూద్దామని నాన్న కిందికి దిగారు. కాకులు తమ పని తాము చేసుకున్నాయి. ఒంటిపూట బడి కాబట్టి పన్నెండున్నరకు మా వాడు వచ్చి, ఆకలన్నాడు. ముద్దయిన అన్నం చూసి, "ఇది నిన్నటి దద్దోజనమా?" అని అడిగాడు.

ఇంత విధ్వంసానికి కారణమైన పరీక్షకు అవతల పట్టింది ఇరవై నిమిషాలు.

లోపల ఏం జరిగిందో ఇంట్లో మగవాళ్లకు అధికారిక సమాచారం లేదు. సాయంత్రం అమ్మ పిన్నితో మాట్లాడుతుంటే టీవీ సౌండ్ తగ్గించి విన్నదే ఆధారం. "ఏం లేదే, చిన్నపిల్ల. చేతులు చల్లగా ఉన్నాయేమో అని ముందు రుద్దుకుని మరీ పట్టుకుంది. పలక మీద పెట్టి పైనుంచి ఇంకో పలకతో ఒత్తుతారు. మన పూరీ ప్రెస్సే అనుకో. ఊపిరి బిగబట్టమంటుంది, వదిలేస్తుంది. పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి, రెండు వైపులా కలిపి నాలుగు ఫోటోలు. ఆఁ, నొప్పే, కొన్ని క్షణాలు. ముగ్గుర్ని కన్నదానివి, నీకదో లెక్కా? అలా పల్చగా పరవకపోతే లోపల ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయట, కనపడవట. పల్చగా అయితే రేడియేషన్ కూడా తక్కువ సరిపోతుందట." కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది: "బయట కూర్చున్నంతసేపూ కాళ్లు వణికాయే. ఎవరికీ చెప్పకు. మీ బావగారికి అసలు చెప్పకు."

మీ బావగారు అప్పటికి టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి ఉన్నారు.

రెండ్రోజులకు రిపోర్టు వచ్చింది. చివర 'బైరాడ్స్ 2' అని ఉంది. పరీక్షల సీజన్ కావడంతో నాన్న దాన్ని మార్కుల మెమో లాగే చదివారు. "ఎంతకి?" అన్నారు. ఆరు వరకు ఉంటుందంటే ముఖం వాడిపోయింది. ఆరింటికి రెండంటే పాస్ కూడా కాదు. ఒకటంటే ఏమీ లేదని, రెండంటే ఏదో ఉన్నా భయపడాల్సింది కాదని, మూడైతే ఆర్నెల్లకు మళ్లీ చూస్తారని, నాలుగు, అయిదు వస్తే ముక్క తీసి పరీక్షకు పంపుతారని డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. ఇక్కడ తక్కువ వచ్చినవాళ్లే ఫస్టు. మరి సున్నా వస్తే అన్నిటికన్నా గొప్పేమో అనుకున్నాం. కాదట. సున్నా అంటే ఫోటోలు సరిపోలేదు, ఇంకొన్ని తీయాలని. ఎల్‌కేజీ నుంచి ఎమ్మెస్ దాకా క్లాసు ఫస్టు తప్ప ఎరగని మా అక్కకు డల్లాస్‌లో మొదట వచ్చింది సున్నాయే. ఇంకో రెండు ఫోటోలు తీసి ఏమీ లేదని పంపించారు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అమ్మ అడిగితే, "నువ్వు భయపడి నీది మానేస్తావని," అంది.

ఏప్రిల్ మొదటి వారంలో బిల్లు పట్టుకుని నాన్న ఆడిటర్ దగ్గరికి వెళ్లారు. మీరు కొత్త పన్ను విధానంలో ఉన్నారు సార్, అందులో 80డి వర్తించదు అన్నాడాయన. నాన్న ఇంటికి వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పటికే పరీక్ష అయిపోయింది, వెనక్కి తీసుకునే వీల్లేదు.

అసలు ప్రమాదం ఇప్పుడు మొదలైంది. అమ్మ నోరు ఊరుకోలేదు. పిన్ని, ఎదురు ఫ్లాట్ ఆంటీ, మూడో ఫ్లోర్ టీచరమ్మ, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారి భార్య, నలుగురినీ వెంటేసుకుని అదే సెంటర్‌కి మళ్లీ వెళ్లింది. నలుగురం కలిసి వచ్చాం కదమ్మా, ఏమైనా తగ్గించు అని రిసెప్షన్‌లో బేరం పెట్టిందట. ఆఫర్ మార్చితో అయిపోయిందంటే, "ఒత్తేది అదే పలక కదా, ఏప్రిల్‌లో రేటెందుకు పెరిగింది?" అని నిలదీసిందట. అటూ ఇటూ చేసి మొత్తానికి పది శాతం తగ్గించుకుని వచ్చింది. ఆ పూట మూడు ఫ్లోర్లలో కుక్కర్లు మాడాయి. ఒకే రోజు ఇందరు ఆడవాళ్లు ఇలాంటి పరీక్షలకు వెళ్లకుండా, ఫ్లోర్‌కి ఒక్కరు చొప్పున వంతులవారీగా పంపేలా తీర్మానం చేయాలని మగవాళ్లం అందరం సంతకాలు పెట్టి అసోసియేషన్‌కి అర్జీ ఇచ్చాం. సెక్రటరీ గారు అది చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, ముందు ఇంట్లో అడిగి చెబుతానన్నారు.