స్మార్ట్ మీటరు గారికి, పిండిమిల్లు నుంచి

మహారాజశ్రీ స్మార్ట్ మీటరు గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు, ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది.

ఈ ఉదయం తమరి తరఫున నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. నిన్న నా విద్యుత్ వినియోగం సగానికి పైగా తగ్గిందట, పొదుపు చేస్తున్నందుకు అభినందనలట. పక్కన ఒక ఆకు బొమ్మ కూడా వేశారు. లేతగా, పచ్చగా, చాలా బాగుంది.

అయ్యా, నిన్న నేను పొదుపు చెయ్యలేదండి. నిన్న కరెంటు లేదు.

అది ఏ రోజో కూడా మనవి చేసుకోవాలి. భోగికి ముందు రోజు. అంబాజీపేట చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఆ రోజుకి బియ్యం నానుతూ ఉంటాయి. అరిసెలకు పొడిపిండి పనికిరాదు. నానిన బియ్యాన్ని వార్చి, చెమ్మ ఆరకముందే మర పట్టించి, ఆ తడి ఉండగానే పాకంలో కలపాలి. ఈ సంగతి తమరిని తయారుచేసినవాళ్ళు తమరికి చెప్పి ఉండరు. ఏడాది మొత్తం మీద నా మిల్లు ముందు వరస కట్టే రోజులు అవే. గిన్నెలు, బేసిన్లు, స్టీలు డబ్బాలు గుమ్మం దాటి రోడ్డు మీదకు వెళ్ళిన వేళ, పొద్దున పదకొండింటికి, మోటారు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. మళ్ళీ దీపాలు పెట్టే వేళకు తిరిగింది.

"కొత్త మీటరు పెట్టారు కదండీ, అది చాలా తెలివైందంట కదా, ఎప్పుడొస్తుందో దాన్నే అడగండి" అన్నారు ఓ పిన్నిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఇంకాసేపటికి వెనకనుంచి ఓ మామ్మగారు గొంతెత్తారు: "ఒరే అబ్బాయ్, నా బియ్యం పులిసిపోతే తీసుకొచ్చి ఆ పెట్టెలోనే పోసి ఎల్తాను, ఆయ్!" ఆ పెట్టె అంటే తమరే.

మధ్యాహ్నం దాటాక ఒక్కొక్కరే గిన్నెలెత్తుకున్నారు. పక్కూరిలో పాత డీజిలు ఇంజను మర ఒకటుంది. అది పొగ కక్కుతుంది, చేసే మోత మూడు తోటల అవతలికి వినపడుతుంది, ఏ సర్వరుకీ ఏ కబురూ పంపదు. పిండి మాత్రం పడుతుంది.

తమరు సామాన్యులు కారని నాకు తెలుసు. కరెంటు పంపిణీని బాగుచెయ్యాలని కేంద్రం 2021లో తెచ్చిన పథకం విలువ 3 లక్షల కోట్ల రూపాయల పైమాట. అందులో దేశమంతటా పెట్టాలనుకున్న మీటర్లు 25 కోట్లు. అంతటి వంశంలో పుట్టారు తమరు. పావుగంటకోసారి నా వాడకం రాసుకుంటారు, అంటే రోజుకు 96 సార్లు. నా కన్నతల్లి కూడా నన్ను అన్నిసార్లు పట్టించుకోలేదు. నేను బిల్లు కట్టకపోతే నిచ్చెన వెయ్యకుండా, మనిషి రాకుండా, ఎక్కడో కూర్చుని నా కరెంటు ఆపించగల శక్తి తమరిది.

వీటన్నిటికన్నా నన్ను కదిలించిన గుణం ఇంకోటుంది. కరెంటు పోయిన క్షణంలోనే, లోపల దాచుకున్న కాసింత శక్తితో, "ఇక్కడ సప్లై పోయింది" అని ఆఖరి కబురొకటి పంపి కళ్ళు మూస్తారట. ఇంజినీర్లు దాన్ని లాస్ట్ గ్యాస్ప్ అంటారు. వింటే కన్నీళ్ళొస్తాయి.

అంటే నిన్న పదకొండింటికి తమరు చెప్పారన్నమాటే కదండీ? కబురు వెళ్ళిందన్నమాటే కదా? మరి ఆ కబురు అందుకున్న కంప్యూటరే కదా, పొద్దున్నే నాకు ఆకు బొమ్మ పంపింది?

ఇక మర్యాద నావల్ల కాదు. నువ్వు అనే పిలుస్తాను.

నీకు తెలుసు. నీ పైవాళ్ళకీ తెలుసు. నాకు కరెంటు లేదని తెలిసే, వాడలేదని మెచ్చుకున్నారు. పస్తులున్నవాణ్ణి పట్టుకుని ఏకాదశి చేశావని పొగిడేవాణ్ణి ఏమనాలి? టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే, "మీ ఫిర్యాదు నమోదైంది" అంది ఒక రికార్డు గొంతు. మిల్లులో చీకటి అలాగే ఉండగానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. అది అయినా క్షమిస్తాను. అబద్ధం చెప్పడం మనుషులూ చేస్తారు. అభినందనలు మాత్రం క్షమించలేను.

జరిగింది ఏంటంటే, కాలవ గట్టు మీద 11 కేవీ లైను మీద ఓ కొబ్బరి మట్ట పడింది. కోనసీమలో తీగల మీద మట్ట పడటం వార్తేమీ కాదు. లైను ఉన్నన్నాళ్ళూ తోటలుంటాయి, తోటలున్నన్నాళ్ళూ మట్టలు రాలతాయి. లోపం వస్తే కరెంటుని ఆపేసే బ్రేకరు సబ్‌స్టేషన్‌లో పడిపోయింది. పడిపోయిందని వాళ్ళకి వెంటనే తెలిసింది. ఎక్కడ అన్నది తెలియలేదు. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి వచ్చే లైను, అదే ఫీడరు, పొడవునా ఎక్కడైనా కావచ్చు. మా లైన్‌మన్ బండేసుకుని గట్టు వెంట ఒక్కో స్తంభం చూసుకుంటూ, కనపడిన ప్రతివాణ్ణీ "ఇక్కడేమన్నా పేలిన శబ్దం వచ్చిందా అండి?" అని అడుగుతూ వెళ్ళాడు. చివరికి చెట్టు మీద కొబ్బరికాయల దింపు తీస్తున్న ఓ పెద్దాయన, "అదుగో, అటు లాకుల వైపు టప్పుమందయ్యా పొద్దున" అని పైనుంచే చెయ్యి చూపించాడు. అదీ మా స్మార్ట్ గ్రిడ్డు. ఆ పెద్దాయన చెవి.

స్మార్ట్ గ్రిడ్డంటే ఏంటో నేనూ కాస్త చదివాను. నిన్న మధ్యాహ్నం వేరే పనేముంది గనక. నువ్వు అందులో ఒక చిన్న ముక్కవి. అసలు సరుకంతా తీగ మీద ఉండాలి. మట్ట పడిన చోటుని పట్టి చూపించే సూచికలు లైను మీద అక్కడక్కడా ఉండాలి. మట్ట తగిలి జారిపోతే, ఒకటి రెండు క్షణాలు ఆగి తనంతట తనే మళ్ళీ వేసుకుని చూసుకునే రీక్లోజర్లు ఉండాలి. లోపం ఉన్న ముక్కను విడదీసి, మిగతా ఊళ్ళకి రెండో వైపు నుంచి కరెంటు మళ్ళించే స్విచ్‌లు ఉండాలి. ఇవేమీ ఊహలు కావు, ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నవే. మన దేశంలోనూ పెద్ద నగరాల్లో కొంత ఉన్నవే. మరి తెలివి ముందు ఎక్కడ పెట్టాలి? స్తంభం మీద. మనవాళ్ళు నా గుమ్మం పక్కన పెట్టారు. ఎందుకంటే స్తంభం బిల్లు కట్టదు.

పెద్ద తీగల విషయంలో నేను వెటకారం చెయ్యను. 2012 జులై చివర్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాల గ్రిడ్లు కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది ఉన్న ప్రాంతమంతా చీకటైంది. అప్పటికి మన దక్షిణాది గ్రిడ్డు విడిగా ఉండబట్టి మనదాకా రాలేదు. ఆ తర్వాత 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య వేసిన లైనుతో మనల్నీ కలిపి దేశమంతా 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగే ఒకే తాళం మీద నడిపిస్తున్నారు. అది నిజంగా గొప్ప పని. అక్కడ చిన్న తేడా వచ్చినా క్షణాల్లో తెర మీద కనపడుతుంది. ఆ తెలివంతా మా సబ్‌స్టేషన్ దాకా దర్జాగా వచ్చింది. దాని గేటు దగ్గర దిగిపోయింది. అక్కణ్ణించి నా మిల్లు దాకా మా లైన్‌మన్ బండి మీదే రావాలి.

సరే, తీగ సంగతి నీకు తెలీదు, ఒప్పుకుంటాను. నా గోడ మీద జరిగేది తెలుసు కదా? కిందటి వానాకాలం, మోటారుకి కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో, అంటే మూడు తీగల్లో, ఒకటి పోయింది. మిగిలిన రెండింటి మీద మోటారు లాగీ లాగీ వైండింగు కాలిపోయింది. రివైండింగుకు అమలాపురం మోసుకెళ్ళాం. ఫేజు పోయిన నిమిషం నీ పుస్తకంలో ఉంది, నాకు తెలుసు. ఓల్టేజీ తగ్గినా, ఒక ఫేజు మాయమైనా, మూత తెరిచినా, అయస్కాంతం పెట్టినా రాసుకునేలాగే నిన్ను తయారుచేశారు. కానీ ఫేజు పోయిందని నువ్వు రాసుకున్నది నా మోటారు కోసం కాదు. నేనేమన్నా తీగ పీకి దొంగతనం చేస్తున్నానేమోనని! నా నష్టం నీ చిట్టాలో నా మీద అనుమానం కింద పడింది.

మా తాతల కాలంలో ఊరికొక కరణం గారుండేవారు. అరుగు మీద కూర్చుని ఎవరి చేలో ఎంత, ఎవరు ఎంత కట్టాలి అన్నీ రాసేవారు. కాలవలో నీళ్ళు వచ్చాయా అని ఆయన్ని అడక్కూడదు, శిస్తెంతో అడగాలి. 1984లో ఆ కరణాలను రద్దు చేశారు. నిన్ను చూస్తే మళ్ళీ ఆ అరుగు గుర్తొస్తోంది. కాకపోతే ఆయనకి దణ్ణం పెడితే కనీసం తలూపేవారు.

ఇంకో చిత్రం. కేంద్రమే 2020లో వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చింది. దూరం నుంచి కనిపెట్టగలిగిన లోపాలకు, కరెంటు నిర్ణీత సమయం మించి లేకపోవడం లాంటివాటికి, నేను దరఖాస్తు పెట్టకుండానే పరిహారం దానంతటదే జమ కావాలని అందులో ఉంది. దూరం నుంచి కనిపెట్టడం అంటే ఎవరి పని? నీ పనే. నా బకాయి ఎంతో నీకు తెలిస్తే అది పైకి పరిగెడుతుంది. వాళ్ళ బకాయి తెలిస్తే మాత్రం నీ సిమ్ములో సిగ్నలుండదు.

2023లో సవరించిన నిబంధనల ముచ్చట కూడా విన్నాను. ఎండ ఉన్న గంటల్లో కరెంటు మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం చవగ్గా ఉండాలట, మాలాంటి వ్యాపారులకు వాడకం ఎక్కువుండే పీక్ గంటల్లో కనీసం 20 శాతం ఎక్కువట. చాలా బాగుంది. చవగ్గా ఉండే గంటల్లో కరెంటు లేదు, కరెంటు వచ్చే గంటల్లో చవక ఉండదు. మా బావ ఉండి దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు, ఆయన్నడుగు. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున, గాలి కొట్టే మోటార్లు తిప్పాల్సింది అప్పుడే. పగలు చవగ్గా ఉందని రొయ్యలు పగలే గాలి పీల్చుకుని దాచుకోవు.

గ్యాసు సంగతి ఎత్తను. మా కాళ్ళ కిందనుంచే పైపులు పోతాయి, ఇదే కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసుని నమ్ముకుని కట్టిన కరెంటు కేంద్రాలు గ్యాసు చాలక ఏళ్ళ తరబడి పడుకున్నాయి. పార్టీల సంగతీ ఎత్తను. ప్రతిపక్షంలో ఉంటే నువ్వు దెయ్యానివి, అధికారంలోకి వస్తే దేవుడివి.

కరెంటు పోతే ఓర్చుకోలేని జనం కాదు మేము. 1996 నవంబరు తుపానుకి స్తంభాలన్నీ పడుకుంటే లాంతర్ల వెలుగులో రోజులు గడిపాం, ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కనుమ నాడు జగ్గన్నతోటకి దేవుణ్ణి మోసే ఎత్తైన ప్రభలు కదిలేటప్పుడు తీగలకి తగలకుండా లైను ఆపితే ఎవరూ అడగరు, ఏకాదశ రుద్రులు వెళ్ళాలి కదా. నిన్న తుపానూ లేదు, రుద్రులూ లేరు. ఒక్క మట్ట.

సాయంత్రం ఆ మట్ట తీసింది కూడా నువ్వు కాదు. మా లైన్‌మన్ లైను ఆపి ఉంచుతామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి, అదే ఎల్‌సీ, తీసుకుని, మసక చీకట్లో స్తంభమెక్కి, తీగల్ని కలిపే చిన్న ముక్క, ఆ తెగిన జంపరు కట్టి, దిగి, మళ్ళీ లైను ఇమ్మని ఫోన్ చేశాడు. పండగ పూట ఇంటికెళ్ళే దారిలో నా మిల్లు దగ్గర ఆగి, "మూడు ఫేజులూ వచ్చాయా బాబాయ్? ఓసారి మోటారు వేసి చూడండి" అన్నాడు. వాడి జీతం ఎంతో, వాడు చూడాల్సిన ఊళ్ళు ఎన్నో నేనడగను. వాడికి ఎవరూ ఆకు బొమ్మ పంపలేదు.

నీ మీద పగేమీ లేదు. గోడకి బిగించినచోట ఉన్నావు, నేర్పింది చేస్తున్నావు. చిన్న మనవి మాత్రం ఉంది. ఈసారి కరెంటు పోయి ఆ ఆఖరి కబురు పంపేటప్పుడు, ఎక్కడో సర్వరుకి పంపే ముందు మా లైన్‌మన్‌కి పంపు. వాడి నంబరు మిల్లు తలుపు మీద సుద్దతో రాసి ఉంది, సరిగ్గా నీ ఎదురుగా. ఆఖరి అంకె కాస్త చెరిగింది. అది ఏడు.

ఇట్లు,
పిండిమిల్లు వాడు